జాగ్రత్త: "రెడీ టు డ్రాప్" ఇంజన్ అన్నాడు, నమ్మాను, నిండా మునిగాను

చేతులకున్న గ్రీజు ఇంకా వదల్లేదు, అలాగే కూర్చుని టైప్ చేస్తున్నాను, అక్షరదోషాలుంటే సర్దుకోండి. పాత పికప్పులకి "రెడీ టు డ్రాప్", అంటే తెచ్చి బండిలో దించుకోవడమే, అంటూ రంగేసి మెరిపించిన ఇంజన్లు అమ్మే పెద్దమనిషి ఉన్నాడు కదా, ఎవరో మీకు తెలుసు, పేరు నేను రాయను. ఆయన దగ్గర కొనకండి. చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, మిగతాదంతా నా ఏడుపే.

బండి 1972 షెవర్లే సి10. 1967లో వచ్చిన ఆ బాడీకి అదే ఆఖరి సంవత్సరం, పెట్రోల్ ట్యాంకు సీటు వెనకాలే క్యాబ్‌లో ఉండే రకం. డొక్కుగా కొన్నాను, రెండేళ్ల వారాంతాలు దానికే పోయాయి, ఆ కథ మొదలుపెడితే తెల్లారిపోతుంది. రాకర్ ప్యానెళ్లు (తలుపుల కింది రేకులు), క్యాబ్ మూలలు, ఫ్లోరు అన్నీ తుప్పు తినేసినవే. వెల్డింగ్ తెలిసిన స్నేహితుడొకడు అవన్నీ కోసి కొత్త రేకు అతికాడు. ఇంకొకడు వైరింగ్ మొత్తం కొత్తగా లాగి, ప్రతి తీగకీ తెల్ల టేపు చుట్టి పేరు రాశాడు, "కుడి ఇండికేటర్", "ఎడమ బ్రేక్ లైటు" అని, ముత్యాల్లాంటి అక్షరాలతో. మూడోవాడు వెనక తొట్టిలో చెక్కలు పరిచి మధ్యలో ఇనుప పట్టీలు బిగించాడు. నాలుగోవాడికి ఏ పనీ రాదు, టార్చ్ పట్టుకుని నిలబడతాడు, కానీ రెండేళ్లలో ఒక్క శనివారం కూడా మానకుండా వచ్చింది వాడొక్కడే. ఒక్కరూ ఒక్క పైసా తీసుకోలేదు.

బయట డబ్బు పెట్టి కొన్న పెద్ద వస్తువు ఇంజన్ ఒక్కటే. బండితో వచ్చినది పట్టేసి ఉంది, బాగుచేయడానికి మెషిన్ షాపువాళ్లు మూడు నెలలు పడుతుందన్నారు. ఆగుదాంలేరా అని నలుగురూ చెప్పారు. నేనే ఆగలేదు. బండి అంతా అయిపోయి కళ్లముందు నిలబడి ఉంటే మూడు నెలలు ఎవడాగుతాడు అనుకున్నాను. ఇప్పుడు ఎంతకాలం ఆగాలో దేవుడికే తెలియాలి.

మన పెద్దమనిషి ప్రకటన చూశాను. షెవర్లే 350 (క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్), కొత్తగా కట్టింది, 30 థౌ బోర్ చేసి (అంటే సిలిండర్లని అంగుళంలో వెయ్యోవంతులు ముప్పై మేర పెద్దవి చేసి) కొత్త పిస్టన్లు వేసింది, ఫోర్ బోల్ట్ మెయిన్ (క్రాంక్‌షాఫ్టుని పట్టి ఉంచే మెయిన్ క్యాపులకి నాలుగు బోల్టులుండే గట్టి రకం), తెచ్చి దించుకోవడమే అన్నాడు. కారబ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు తప్ప అన్నీ ఉన్నాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (గాలి లోపలికి, పొగ బయటికి పోయే గొట్టాలు) కూడా బిగించే ఇస్తాడట, మనకి శ్రమ ఉండకూడదని. ఎంత దయో! ఎందుకు బిగించి ఇస్తాడో తర్వాత అర్థమైంది, చెబుతాను.

మూడు వారాలు రోజూ మాట్లాడాడండీ. నేను బండి ఫొటోలు పంపితే "అద్భుతం బ్రదర్, ఈ బండికి నా ఇంజన్ పడటం నా అదృష్టం" అనేవాడు. డబ్బు పంపే రోజున మాత్రం, మామూలు కొనుగోలులా కాకుండా స్నేహితులకి పంపే పద్ధతిలో పంపండి, కమిషన్ మిగులుతుంది, ఎలాగూ మనం స్నేహితులమే కదా అన్నాడు. అలా పంపితే కొన్నవాడికి ఏ రక్షణా ఉండదని నాకు తెలుసు. తెలిసీ పంపాను. రెండేళ్లు పనిచేసిన నలుగురు స్నేహితులకి పైసా ఇవ్వనివాణ్ని, మూడు వారాల పరిచయమున్న "స్నేహితుడికి" ఆరు నెలల ఓవర్‌టైమ్ డబ్బు ఒక్క నొక్కుతో పంపించేశాను.

ఇక్కడ నా తెలివి గురించి ఒక ముక్క చెప్పాలి. బండి కొన్నప్పుడు నేను చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి, ఫెండర్ల దగ్గర్నుంచి తలుపుల దాకా ప్రతి రేకు మీదా తిప్పి చూశాను. పుట్టీ ఉన్నచోట అయస్కాంతం పట్టదు, జారిపోతుంది, మీకందరికీ తెలిసిన విద్యే. ఎడమ తలుపు కింద అరచేయంత పుట్టీ దొరికితే దాన్ని చూపించి ధర కూడా తగ్గించాను. అంత గొప్పవాణ్ని. ఇంజన్ వచ్చిన రోజు ఆ అయస్కాంతం ఎక్కడుంది? టూల్ బాక్సు మూతకి అతుక్కుని ఉంది. నేనేమో షెవర్లే ఆరెంజ్ రంగు మెరుస్తుంటే పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డాను.

పోయిన శనివారం మొదటిసారి స్టార్ట్ చేశాం. నలుగురూ వచ్చారు. డిస్ట్రిబ్యూటర్ పెట్టేముందు ఆ కన్నంలోంచి డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పి ఇంజన్ అంతా ఆయిల్ పాకించాం, గేజీ 45 పీఎస్ఐ ఆయిల్ ప్రెషర్ చూపించింది, చప్పట్లు కొట్టుకున్నాం. చల్లటి కొత్త ఆయిల్ అరిగిన బేరింగులతో కూడా గేజీని పైకి లేపగలదన్న సంగతి అప్పుడు ఒక్కడికీ గుర్తు రాలేదు. వైరింగ్ మిత్రుడు ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లు మండే వరస) ఎక్కాలు అప్పజెప్పినట్టు చదువుతూ ప్లగ్ వైర్లు పెట్టాడు, 1-8-4-3-6-5-7-2. తాళం తిప్పితే రెండో తిప్పుకే పట్టుకుంది. ఆ చప్పుడుకి ముందు అరిచింది మా టార్చ్ మిత్రుడే.

కొత్త క్యామ్ (వాల్వులు తెరిపించే షాఫ్టు) వేశానన్నాడు కాబట్టి, ఐడిల్‌లో పెట్టకుండా 2000 ఆర్పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి ఆయిల్ చిమ్మడం వల్లే లూబ్రికేషన్, తక్కువ వేగంలో చాలినంత చిమ్మదు. మొదలుపెట్టాం. టైమ్ చూస్తున్నాను. పన్నెండో నిమిషంలో టార్చ్ మిత్రుడు "కింద ఏదో కారుతోందిరా" అన్నాడు. హోస్ క్లిప్ లూజై ఉంటుందిలే అన్నాను. వాడు కిందకి వంగి చూసి "హోస్ ఇటువైపు లేదు కదా" అన్నాడు. ఏ పనీ రాదన్నాను చూడండి, వాడే కనిపెట్టాడు.

ఆపేశాం. కుడివైపు స్టార్టర్ మోటార్ పైన, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నీడలో, బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ అసలు శరీరం) గోడ మీద ఒక సన్నటి గీత. అందులోంచి కూలెంట్ చెమటలా ఊరుతోంది. చల్లారాక గీత పక్కన గోటితో గీకాను. ఆరెంజ్ రంగు పెచ్చుగా లేచింది. కింద ఇనుము లేదు. బూడిదరంగు ముద్ద ఉంది, ఎపాక్సీ. స్క్రూడ్రైవరుతో గీకితే బద్దలా ఊడి వచ్చింది, జానెడు పొడవు. దాని కింద బ్లాక్ పగులు. ఎప్పుడో నీళ్లు గడ్డకట్టి పగిలిన బ్లాక్ అది. యాంటీఫ్రీజ్ లేని నీళ్లు లోపల గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, పోత ఇనుము సాగదు కాబట్టి పగులుతుంది. ఆ పగులుని ముద్దతో పూడ్చి, సాపు చేసి, రంగు కొట్టి, మెరిపించి నాకు అంటగట్టాడు. పైన పటారం లోన లొటారం అని ఊరికే అనలేదు.

అప్పుడు వెల్డింగ్ మిత్రుడు ఏమీ మాట్లాడకుండా టూల్ బాక్సు దగ్గరికి వెళ్లి, మూతకున్న అయస్కాంతం పీకి తెచ్చి, బ్లాక్ మీద మిగిలి ఉన్న ముద్ద మీద పెట్టాడు. జారి కింద పడింది. రెండంగుళాలు పక్కన పెట్టాడు. టక్కున అతుక్కుంది. మళ్లీ ముద్ద మీద పెట్టాడు, మళ్లీ పడింది. నావైపు చూడను కూడా చూడలేదు. తిట్టినా బాగుండేది. స్టార్టర్ నేనే బిగించానండీ, వీపు మీద పడుకుని, ఆ అతుకు నా ముక్కుకి జానెడు దూరంలో ఉండగా, ఈలవేసుకుంటూ.

డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. బయటి పగులు ఒక్కటే అయితే నీళ్లు ఆయిల్లోకి ఎందుకొస్తాయి? ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాం. దాని కింద, రెండు సిలిండరు వరసల మధ్య ఉండే లిఫ్టర్ వ్యాలీలో ఇంకో పగులు, ఇంకో ముద్ద. మానిఫోల్డులు బిగించి ఇచ్చిన దయ ఇదన్నమాట. ఇక కోపంలో హెడ్లు (సిలిండర్ల పైమూతలు) కూడా దించేశాం. సిలిండరు పైఅంచున గోరు పెడితే మెట్టు తగులుతోంది, అంటే బోర్ చేయనే లేదు, రింగులు తిరిగి తిరిగి అరిగిన మెట్టు అది. హోనింగ్ చేస్తే, అంటే రాతితో సన్నగా గీకితే, గోడ మీద ఉండాల్సిన అడ్డగీతలు లేవు, అద్దంలా ఉంది. పిస్టన్లు పాతవే. ఆయిల్ పాన్ తీస్తే మెయిన్ క్యాపులకి రెండేసి బోల్టులు. ఫోర్ బోల్ట్ అన్నాడు కదా అని నేను బ్లాక్ వెనక పోతపోసి ఉండే కాస్టింగ్ నంబరు చూసి ఊరుకున్నాను, 3970010, మంచి నంబరే. కానీ ఆ నంబరు మీద రెండు బోల్టులవీ వచ్చాయి, నాలుగు బోల్టులవీ వచ్చాయి, పాన్ విప్పితే తప్ప తేలదు. ఇది కూడా నాకు తెలుసు. తెలిసిన విషయాలన్నీ అవసరమైన రోజున ఎక్కడికి పోతాయో!

ఫోన్ చేశాను. రెండుసార్లు కట్ చేశాడు. మూడోసారి ఎత్తి, "చెప్పండి" అన్నాడు. మూడు వారాలుగా బ్రదర్ అన్న నోరు. విషయం చెప్పాను. ఫొటోలు పంపాను. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, చూస్తున్నాడనుకున్నాను, పాపం బాధపడుతున్నాడేమో అని కూడా అనుకున్నాను, అదీ నా బుద్ధి. తర్వాత అడిగాడు, "హెడ్లు విప్పారా?" విప్పాం అన్నాను. "అయితే నాకు సంబంధం లేదు, విప్పిన ఇంజన్‌కి వారంటీ ఉండదు."

మరి విప్పకపోతే లోపల పగులుందని ఎలా తెలుస్తుందండీ అన్నాను. "మీరు నీళ్లు సరిగ్గా పోయకుండా నడిపి ఉంటారు, వేడెక్కి పగిలుంటుంది" అన్నాడు. వేడెక్కి పగిలితే పగులు లోపల ఎపాక్సీ, ఎపాక్సీ మీద మీ రంగు ఎలా వచ్చాయి అని అడిగాను. నా గొంతు అప్పటికే లేచింది, ఒప్పుకుంటాను. ఆయన గొంతు మాత్రం లేవలేదు. చాలా చల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు అన్నాడు: "యాభై ఏళ్లనాటి ఇనుము కొని కొత్తదానిలా ఉండాలంటే ఎలా? మీకు ఫ్రెండ్స్ ఉన్నారుగా, ఊరికే పనిచేసేవాళ్లు. వాళ్లచేత చేయించుకోండి."

అది స్పీకర్‌లో ఉంది. నలుగురూ విన్నారు.

డబ్బు పోయిన బాధ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. ఊరికే పనిచేసేవాళ్లట. వాళ్ల గురించి మూడు వారాలపాటు మురిసిపోతూ ఆయనకి చెప్పింది నేనే కదా, వాళ్ల మొహాన కొట్టడానికి రాయి నేనే అందించినట్టయింది. ఏమనాలో తెలియక ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను, ఆయనే పెట్టేశాడు. సాయంత్రానికి నన్ను బ్లాక్ చేశాడు. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆయన పంపిన ఫొటోలు లెక్కపెట్టాను. పద్నాలుగు. పద్నాలుగూ ఎడమవైపు నుంచి, ముందు నుంచి, పైనుంచి తీసినవే. కుడివైపుది ఒక్కటి లేదు. మూడు వారాల్లో ఒక్కసారైనా "అటువైపు కూడా పంపండి" అని అడగని మహానుభావుణ్ని నేను.

కొందరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను: పగిలిన బ్లాకులు కుట్టి బాగుచేసేవాళ్లు ఉన్నారు, పోత ఇనుము పగులు వెంబడి మరలు దించి మూసే పద్ధతి ఉంది, అది మోసం కాదు, చెప్పి అమ్మితే కొనేవాళ్లూ ఉంటారు. ఇది అది కాదు. కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఊడిన ఎపాక్సీ బద్ద డబ్బాలో దాచాను, మీద ఆరెంజ్ రంగు అలాగే ఉంది.

కొనేవాళ్లకి చెప్పేది పెద్దగా ఏం లేదు. ఇంజన్ చుట్టూ తిరిగి బ్లాక్ గోడల మీద అయస్కాంతం పెట్టి చూడండి, ముఖ్యంగా మానిఫోల్డుల కింద. బోర్ చేశామంటే మెషిన్ షాపు రసీదు అడగండి. పాన్ విప్పి చూపించమనండి, కుదరదంటే వచ్చేయండి. "స్నేహితుల పద్ధతి"లో డబ్బు పంపకండి, పంపాక నా దగ్గరికొచ్చి ఏడవకండి.

బండి స్టాండ్ల మీదే ఉంది, బానెట్ కింద ఖాళీ. ఈ శనివారం రావద్దు, పనేమీ లేదు అని నలుగురికీ మెసేజ్ పెట్టాను. టార్చ్ మిత్రుడు ఒక్కడే జవాబిచ్చాడు, "ఎన్నింటికి?" అని.

ఎవరి దగ్గరైనా మంచి 350 బేర్ బ్లాక్ (లోపల భాగాలేవీ లేని ఖాళీ బ్లాక్) ఉంటే చెప్పండి, పాతదైనా ఫర్వాలేదు, రంగు మాత్రం వేయకండి. ఫొటోలు రెండు వైపులవీ పెట్టండి.