ఒకే వాటర్‌షెడ్ లెక్క, నాలుగు భాషలు: డబ్ల్యూపీఎస్ సర్వీసులపై సమీక్ష

చెరువు గట్టు మీద ఒక బిందువు ఇస్తే చాలు, ఆ చెరువుకి నీరొచ్చే పరీవాహక ప్రాంతానికి హద్దు గీసి, విస్తీర్ణం హెక్టార్లలో చెప్పే డబ్ల్యూపీఎస్ (వెబ్ ప్రాసెసింగ్ సర్వీస్, అంటే నెట్ ద్వారా మ్యాపు లెక్కలు చేయించే పద్ధతి) సర్వీసు ఇది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చెరువుల మ్యాపుల కోసం ఇదే లెక్కని పైథాన్‌తో పైడబ్ల్యూపీఎస్‌లో, సీతో జూ-ప్రాజెక్ట్‌లో, జావాతో జియోసర్వర్‌లో (మూడూ సర్వర్ సాఫ్ట్‌వేర్లు) నడిపాం. వాన లెక్కలకి గణాంకాల భాష ఆర్ కూడా వాడాం. ఏ భాషలో రాసినా హద్దు ఒకేలా వస్తుంది. తేడా తెలిసేది సర్వీసు పడిపోయినప్పుడు. కారణం లాగ్‌లో కనబడుతుందా? పడింది ఆ ఒక్క సర్వీసేనా, పక్కనున్న మ్యాపులు కూడా ఆగిపోయాయా? రాసినవాళ్లు ఊళ్లో లేకపోతే ఇంకొకరు లేపగలరా? మా తూకమంతా ఈ ప్రశ్నల మీదే.

డబ్ల్యూపీఎస్ అనేది మ్యాపు డేటా ప్రమాణాలు తయారుచేసే ఓజీసీ సంస్థ ప్రమాణం. 1.0.0 వెర్షన్ 2007లో, 2.0 వెర్షన్ 2015లో వచ్చాయి. గెట్‌కేపబిలిటీస్ అడిగితే సర్వీసుల జాబితా వస్తుంది. డిస్క్రైబ్‌ప్రాసెస్ ఒక్కో సర్వీసుకి ఏ ఇన్‌పుట్లు కావాలో చెబుతుంది. ఎగ్జిక్యూట్ పని చేయిస్తుంది. ఈ మూడూ ఏ సర్వర్‌లోనైనా ఉంటాయి కాబట్టి క్యూజీఐఎస్ మ్యాపు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి గానీ ఓడబ్ల్యూఎస్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీతో స్క్రిప్టు రాసేవాళ్లకి గానీ వెనక ఏ భాష ఉందో తెలియనక్కర్లేదు.

భాష కంటే ముందు తేల్చాల్సినవి

డెమ్ (నేల ఎత్తుల రాస్టర్, అంటే గళ్ల పటం) ఫైలుని ఎగ్జిక్యూట్‌తో పాటు పంపించకండి. ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా) ఒక ఆర్క్‌సెకండ్ (దాదాపు 30 మీటర్ల పిక్సెల్) పలక 3601 × 3601 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 16 బిట్లు. అంటే దాదాపు 26 ఎంబీ. ఎక్స్‌ఎంఎల్‌లో పెట్టాలంటే బేస్64 చేయాలి (బైనరీని అక్షరాలుగా మార్చాలి), అప్పుడది మూడో వంతు పెరిగి 35 ఎంబీ దాకా పోతుంది. పైడబ్ల్యూపీఎస్ డీఫాల్ట్ పరిమితి కొద్ది ఎంబీలే, అక్కడే తిప్పికొడుతుంది. డెమ్ సర్వర్ మీదే ఉండాలి, రిక్వెస్టులో బిందువు ఒక్కటే రావాలి. జిల్లా హద్దుకి కత్తిరించిన డెమ్ కూడా పనికిరాదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి కాబట్టి 18 డిగ్రీల అక్షాంశం పలకలతో పాటు 19 డిగ్రీలవి కూడా కలిపి ఉంచాలి.

రెండోది అక్షాంశ రేఖాంశాల వరస. ఇది మన ప్రాంతంలో ప్రత్యేకంగా కాటేస్తుంది. జియోజేసన్‌లో (మ్యాపు ఆకారాలు రాసే జేసన్ రూపం) రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. అక్షాంశ రేఖాంశాల పద్ధతికి ఉన్న కోడ్ 4326ని పొడవైన యూఆర్‌ఎన్ రూపంలో రాస్తే అక్షాంశం ముందు. శ్రీకాకుళం దాదాపు 18.3 ఉత్తరం, 83.9 తూర్పు. ఈ రెండూ తారుమారైతే 83.9 ఉత్తర అక్షాంశం అవుతుంది. అది 90 లోపే ఉంది కాబట్టి ఏ లైబ్రరీ కూడా తప్పు అనదు. బిందువు స్వాల్బార్డ్ దీవులకి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పడి, సర్వీసు ఖాళీ ఫలితాన్ని "విజయవంతం" అని తిప్పి పంపుతుంది. అందుకే మొదటి పనిగా రేఖాంశం 82.5 నుంచి 85, అక్షాంశం 17.5 నుంచి 20 మధ్య ఉందో లేదో చూసి, లేకపోతే ఎక్సెప్షన్ ఇవ్వాలి.

మూడోది 84 డిగ్రీల గీత. యూటీఎం (భూమిని 6 డిగ్రీల పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44, 45 జోన్ల సరిహద్దు శ్రీకాకుళం జిల్లా మీదుగానే పోతుంది. శ్రీకాకుళం పట్టణం, విజయనగరం జిల్లా 44లో ఉంటాయి. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి. వంశధార అయితే ఆ గీత దాటే కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. బిందువుని బట్టి జోన్ మార్చే కోడ్ రాస్తే, ఒకే పరీవాహకంలో రెండు ముక్కలు రెండు జోన్లలో తయారై అతకవు. రాస్టర్ పనంతా 32644లోనే (44 జోన్ కోడ్) చేయండి. ఇచ్ఛాపురం దగ్గర విస్తీర్ణం దాదాపు 0.3 శాతం ఎక్కువ చూపిస్తుంది, హద్దు గీయడానికి అది పట్టించుకోవాల్సినంత కాదు. హెక్టార్లు మాత్రం పైప్రోజ్ లైబ్రరీలోని జియాడ్‌తో భూగోళం వంపు మీద లెక్కించాలి. పాలిగాన్ గడియారం తిరిగే దిశలో ఉంటే అది రుణ సంఖ్య ఇస్తుంది, గుర్తు తీసేయండి.

పైడబ్ల్యూపీఎస్, పైథాన్

రోజూ నడపడానికి మేం నిలబెట్టుకున్నది ఇదే. ప్రాసెస్ క్లాసు నుంచి ఒక క్లాసు రాసి, ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు ప్రకటించి, హ్యాండ్లర్‌లో పని పెట్టాలి. గ్రాస్ (రాస్టర్ లెక్కల సాఫ్ట్‌వేర్) లొకేషన్‌గా 32644 ఇస్తే ప్రతి రిక్వెస్టుకీ తాత్కాలిక లొకేషన్ తనే తయారుచేసి, పనయ్యాక తీసేస్తుంది. అందులో ఆర్.వాటర్‌షెడ్ నీటి దిశనీ అక్యుములేషన్‌నీ (ఒక్కో గడికి పైనుంచి ఎన్ని గళ్ల నీరొస్తుందో ఆ లెక్క) ఇస్తుంది, ఆర్.వాటర్.అవుట్‌లెట్ హద్దు గీస్తుంది. డెమ్‌లో గుంతలు ముందుగా పూడ్చే పని లేదు. మెమరీ తక్కువున్న సర్వర్‌లో ఎం ఫ్లాగ్ పెడితే డిస్కు వాడుకుంటుంది, నెమ్మదిస్తుంది కానీ చావదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. నొక్కిన బిందువు వాగు నుంచి ఒక్క పిక్సెల్ పక్కకి పోయినా నాలుగు గళ్ల పరీవాహకం వస్తుంది. అందుకని చుట్టూ మూడు నుంచి ఐదు పిక్సెళ్లు, అంటే 90 నుంచి 150 మీటర్ల లోపు, అక్యుములేషన్ ఎక్కువున్న గడికి బిందువుని జరపాలి. రెండోది, అక్యుములేషన్ రుణ సంఖ్యగా వస్తే డెమ్ అంచు అవతల నుంచి కూడా నీరొస్తోందని గ్రాస్ చెబుతున్నట్టు. అలాంటి ఫలితాన్ని బయటికి పంపకూడదు.

పైడబ్ల్యూపీఎస్‌లో కొత్తవాళ్లు తట్టుకునే రాళ్లు కొన్ని ఎప్పుడూ అవే. ఇన్‌పుట్ ఒక్కటే అయినా అది లిస్టులో వస్తుంది, సున్నా స్థానం నుంచి తీసుకోవాలి. ఫైళ్లు ప్రాసెస్ సొంత వర్క్‌డైర్ ఫోల్డర్‌లోనే రాయాలి, లేకపోతే ఒకేసారి వచ్చిన ఇద్దరి ఫలితాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అవుట్‌పుట్ యూఆర్‌ఎల్‌ని లోకల్‌హోస్ట్‌గా వదిలేస్తే సర్వర్ దగ్గర అంతా బాగుంటుంది, పార్వతీపురంలో తెరిచినవాళ్లకి ఫలితం దొరకదు. ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ వెబ్ సర్వర్లు రెండూ డీఫాల్ట్‌గా 60 సెకన్లు ఆగి కనెక్షన్ తెంపేస్తాయి. అంతకన్నా ఎక్కువసేపు పట్టే పనికి స్టోర్, స్టేటస్ రెండూ ఆన్ చేసి, ఎసింక్‌లోనే (కనెక్షన్ పట్టుకోకుండా వెనక నడిచే పద్ధతి) నడపాలి.

అసలైన తలనొప్పి ఎసింక్‌లోనే ఉంది. ఏకకాలంలో నడిచేవి డీఫాల్ట్‌గా రెండే. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ ఒక ప్రాసెస్‌ని చంపేస్తే, డేటాబేస్‌లో దాని వరసకి ముగింపు సమయం పడదు. కొన్ని వెర్షన్లలో పైడబ్ల్యూపీఎస్ దృష్టిలో అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. అలాంటివి రెండు పేరుకుంటే తర్వాత వచ్చినవన్నీ క్యూలో కూర్చుంటాయి, డేటాబేస్ డిస్కు మీద ఉంటే సర్వర్‌ని మళ్లీ స్టార్ట్ చేసినా కదలవు. రిక్వెస్టుల టేబుల్‌లో ముగింపు సమయం లేని పాత వరసలకి సమయం వేసే చిన్న స్క్రిప్టుని సర్వీసు స్టార్టయ్యే ముందు నడపండి. డేటాబేస్ డీఫాల్ట్‌గా మెమరీలో ఉండే ఎస్‌క్యూలైట్. ఎసింక్‌కి అది చాలదు, పోస్ట్‌గ్రెస్‌కి మార్చాలి.

జూ-ప్రాజెక్ట్, సీ

జూ గొప్పతనం ఒక్క కెర్నల్ (జూ ప్రధాన ప్రోగ్రామ్) కింద సీ, పైథాన్, పీహెచ్‌పీ, జావా, ఫోర్ట్రాన్, జావాస్క్రిప్ట్ అన్నీ నడవడం. ప్రతి సర్వీసుకీ ఒక జడ్‌సీఎఫ్‌జీ వివరాల ఫైలు ఉండాలి. ఫైలు పేరు, లోపలి సర్వీసు పేరు, కోడ్‌లోని ఫంక్షన్ పేరు మూడూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ట్యాగు మూయడం మరిచిపోతే ఆ సర్వీసు జాబితాలోంచే మాయమవుతుంది. అందుకే జడ్‌సీఎఫ్‌జీ మార్చిన ప్రతిసారీ డిస్క్రైబ్‌ప్రాసెస్ అడిగి చూడాలి.

సీలో రాస్తే వేగం వస్తుందని చాలామంది ఆశ. వాటర్‌షెడ్ విషయంలో అది నిజం కాదు. బరువైన పనంతా చేసేది గ్రాస్, జీడాల్ (రాస్టర్ ఫైళ్లు చదివే లైబ్రరీ). అవి ముందే సీ, సీ++లో ఉన్నాయి, పైథాన్ వాటిని పిలుస్తుందంతే. పిక్సెల్ పిక్సెల్‌కీ సొంత లూపు తిప్పే లెక్క ఉన్నప్పుడు, లేదా పాత ఫోర్ట్రాన్ హైడ్రాలజీ కోడ్ చేతిలో ఉన్నప్పుడు మాత్రం జూ విలువ తెలుస్తుంది. తిరగరాయకుండా దాన్నే సర్వీసుగా పెట్టుకోవచ్చు.

చెడేది ఇలా. జియోటిఫ్ లాంటి బైనరీ ఫలితాన్ని ఇచ్చేటప్పుడు విలువతో పాటు సైజు కూడా పెట్టాలి, లేకపోతే మొదటి సున్నా బైట్ దగ్గరే ఫైలు తెగిపోతుంది. పాయింటర్ తప్పితే ఎక్సెప్షన్‌లో సిగ్నల్ 11 అని మాత్రమే వస్తుంది, ఏ లైనో జీడీబీ డీబగ్గర్ పెడితేగానీ తెలియదు. సీజీఐగా నడిపినంతకాలం మెమరీ లీకు పెద్దగా బాధించదు, రిక్వెస్టుతో పాటే ప్రాసెస్ పోతుంది కనుక. ప్రాసెస్ పోకుండా నిలిచే ఫాస్ట్‌సీజీఐకి మారితే అదే లీకు పేరుకుపోతుంది. జూ కెర్నల్ ఏ పైథాన్ వెర్షన్‌తో కంపైల్ చేశామో దానికే కట్టుబడి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌లో పైథాన్ మారితే కెర్నల్‌ని మళ్లీ కట్టుకోవాలి.

జియోసర్వర్, జావా

మ్యాపులు ఇప్పటికే జియోసర్వర్ నుంచి వస్తుంటే ఇది దగ్గర దారి. ఒక క్లాసు, ఎగ్జిక్యూట్ అనే మెథడ్, దాని మీద అనోటేషన్లు, అప్లికేషన్ కాంటెక్స్ట్ ఫైల్లో ఒక బీన్. జార్‌ని లిబ్ ఫోల్డర్‌లో వేసి రీస్టార్ట్ చేస్తే సరి. లేయర్లని పేరుతోనే తీసుకోవచ్చు. ఎస్‌ఎల్‌డీలో (మ్యాపు రంగులు, గీతల శైలి ఫైలు) రెండరింగ్ ట్రాన్స్‌ఫర్మేషన్‌గా (మ్యాపు గీసేటప్పుడే నడిచే లెక్క) కూడా వాడుకోవచ్చు, ఈ సౌకర్యం మిగతావాటిలో లేదు. కానీ మార్పు చిన్నదైనా రీస్టార్ట్ తప్పదు, డబ్ల్యూపీఎస్ ఎక్స్‌టెన్షన్ వెర్షన్ జియోసర్వర్ వెర్షన్‌తో అచ్చంగా సరిపోవాలి. పెద్ద రాస్టర్‌తో హీప్ (జావా మెమరీ) నిండితే అదే జేవీఎంలో (జావాని నడిపే ప్రాసెస్) ఉన్న డబ్ల్యూఎంఎస్ (మ్యాపు చిత్రాలిచ్చే సర్వీసు) కూడా కూలుతుంది. తుఫాను వేళ అందరూ మ్యాపులు తెరుస్తారు, అప్పుడు ఇది ఒప్పుకోలేని విషయం. బరువైన ప్రాసెస్‌కి విడిగా ఇంకో జియోసర్వర్ పెట్టాలి. స్క్రిప్టింగ్ మాడ్యూల్‌లోని పైథాన్ నిజానికి జైథాన్ (జావా మీద నడిచే పైథాన్), అందులో నంపై (అంకెల లెక్కల లైబ్రరీ) రాదు.

ఆర్‌కి 52 నార్త్ సర్వర్‌లో స్క్రిప్టు కామెంట్లలోనే ఇన్‌పుట్లు ప్రకటించే పద్ధతి ఉంది, క్రిగింగ్ (కొలిచిన చోట్లని బట్టి కొలవని చోట విలువ అంచనా వేసే పద్ధతి) తెలిసినవాళ్లకి హాయి. అయితే వెనక ఆర్‌ని నడిపే ఆర్‌సర్వ్ వేరుగా నడవాలి, అది ఆగినట్టు ఎవరికీ కనబడదు. పైథాన్ హ్యాండ్లర్ నుంచి ఆర్‌స్క్రిప్ట్‌ని పిలవడమే మాకు నికరంగా నిలిచింది. జూలో జావాస్క్రిప్ట్ రెండు మూడు సర్వీసుల్ని గొలుసుగా కట్టడానికి బాగుంటుంది, అంతకుమించి వద్దు.

తెలుగు పేర్లు

ఊరి పేర్లు తెలుగులో పంపితే భాషల తేడా బయటపడుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి 3 బైట్లు, హిరమండలం అన్న పేరుకే 24 బైట్లు. సీలో 20 బైట్ల బఫర్ పెడితే అక్షరం నడుమ తెగి ఎక్స్‌ఎంఎల్ మొత్తం చెల్లకుండా పోతుంది. జావా 18 నుంచి డీఫాల్ట్ యూటీఎఫ్-8. అంతకు ముందు వెర్షన్లలో ఫైల్ ఎన్‌కోడింగ్ ఆప్షన్ ఇవ్వకపోతే పేర్ల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. విండోస్‌లో ఆర్ అయితే 4.2 కన్నా పాతది వాడకండి. పైథాన్‌లో జేసన్ రాసేటప్పుడు ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చేస్తే పేర్లు చదవడానికి వీలుగా ఉంటాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లెక్కని సర్వర్ లైబ్రరీ ఏదీ ఇంపోర్ట్ చేయని మామూలు ఫంక్షన్‌గా రాయండి: బిందువు లోపలికి, జియోజేసన్ బయటికి. డబ్ల్యూపీఎస్ తర్వాత వచ్చిన ఓజీసీ ఏపీఐ ప్రాసెసెస్‌లో ఎక్స్‌ఎంఎల్ తప్పనిసరి కాదు, పైజియోఏపీఐ సర్వర్ దాన్ని జేసన్‌తో నడుపుతుంది. అటు మారినప్పుడు ఆ ఫంక్షన్‌ని ముట్టుకోనక్కర్లేదు. ప్రాసెస్ మెటాడేటా డిక్షనరీ ఒకటి, ఎగ్జిక్యూట్ మెథడ్ ఒకటి కొత్తగా రాస్తే చాలు. ఎసింక్ కావాలంటే క్లయింటు ప్రిఫర్ హెడర్‌లో రెస్పాండ్-ఎసింక్ పంపాలి, సర్వర్ కాన్ఫిగరేషన్‌లో జాబ్ మేనేజర్ కూడా పెట్టి ఉండాలి.