సదరం, పింఛను చిక్కులకు ఉచిత వకీలు: ఎక్కడ పనవుతుంది, ఎక్కడ కాదు

ఒక్క మాట ముందే చెప్పేస్తే చాలామందికి దారి ఖర్చు మిగులుతుంది. ఉచిత వకీలు సదరం కాగితం (ప్రభుత్వ వైద్య పరీక్ష తర్వాత ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) మీద మీ వైకల్యం శాతాన్ని పెంచలేడు. అది డాక్టరు పని. కాగితం ఇవ్వకుండా తిప్పుతున్న ఆఫీసు చేత కాగితం ఇప్పించడం, చెప్పాపెట్టకుండా ఆపిన పింఛనుకు కారణం రాబట్టడం, ఆ కారణం చట్టం ముందు నిలవకపోతే హైకోర్టు దాకా వెళ్లడం వకీలు పని. ఈ తేడా తెలిసి వెళ్తే, ఆ ఉచిత వకీలును ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మంచి సేవే. తెలియక వెళ్తే అది మరో ఆఫీసు, మరో క్యూ.

ఈ సంస్థ ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ ఉంటుంది. జిల్లా జడ్జి అధ్యక్షుడు, రోజువారీ పని చూసేది కార్యదర్శి, ఆయన కూడా న్యాయాధికారే. కింది స్థాయి కోర్టుల దగ్గర మండల న్యాయ సేవా కమిటీలు ఉంటాయి. జిల్లా కేంద్రం దూరమైతే అక్కడే అర్జీ ఇవ్వచ్చు. ఫోన్‌లో అడగాలంటే 15100. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, సెక్షన్ 12 ప్రకారం వికలాంగులకు ఆదాయ పరిమితి లేదు. వకీలు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు, అనువాదం ఖర్చు అన్నీ సంస్థవే. మధ్యలో ఎవరైనా 'ఖర్చులకు' అని చెయ్యి చాపితే ఇవ్వాల్సింది డబ్బు కాదు, కార్యదర్శికి ఫిర్యాదు.

ఇక్కడే మొదటి మెలిక. వికలాంగుల కోటాలో సహాయం కావాలంటే ధ్రువపత్రం చూపమంటారు. మీ గొడవేమో ఆ ధ్రువపత్రం ఇవ్వలేదనే! కౌంటర్లో ఈ మాట దగ్గరే చాలామంది వెనక్కి తిరుగుతారు. తిరగక్కర్లేదు. అదే సెక్షన్‌లో స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు కూడా ఉన్నారు, వాళ్లకూ ఆదాయంతో నిమిత్తం లేదు. మిగిలినవాళ్లకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉంటే చాలు. కాబట్టి అర్జీలో 'ఏ కేటగిరీ' అన్నచోట వికలాంగులు అని ఒక్కటే రాయకండి. వర్తించేవన్నీ రాయండి. అర్జీపై నిర్ణయం 7 రోజులు దాటకుండా తీసుకోవాలన్నది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2010లో పెట్టిన నిబంధనల్లో ఉన్న మాట. రాయలేనివాళ్లు నోటితో చెప్పినా అక్కడి పారా లీగల్ వాలంటీర్ (లాయరు కాకపోయినా చట్టం పనుల్లో సాయం చేసే సంస్థ మనిషి) రాసిపెడతాడు.

వెంట తీసుకెళ్లాల్సినవి ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు, పాతదో కొత్తదో సదరం కాగితం, యూడీఐడీ (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) నమోదు సంఖ్య, పింఛను ఐడీ, ఆసుపత్రి రిపోర్టులు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది తేదీల కాగితం. సదరం పరీక్షకు ఏ రోజు స్లాటు బుక్ చేశారు, ఏ రోజు ఏ ఆసుపత్రికి వెళ్లారు, ఏ నెల నుంచి పింఛను రాలేదు, గ్రామ, వార్డు సచివాలయంలో ఎవరిని ఎప్పుడు అడిగితే ఏం చెప్పారు అన్నవి వరుసగా ఒక తెల్లకాగితం మీద ఉండాలి. ఇది లేకుండా వెళ్తే ప్యానెల్ లాయరుకు (సంస్థ జాబితాలోంచి మీకు కేటాయించే వకీలు) మొదటి అరగంట వీటిని అడగడంతోనే సరిపోతుంది, ఆ అరగంట తర్వాత ఆయనకు ఇంకో కేసు పిలుస్తారు.

అర్జీ తీసుకున్నాక చాలా జిల్లాల్లో మొదట జరిగేది ప్రీ లిటిగేషన్ కేసు. దాన్ని వాడుకలో పీఎల్‌సీ అంటారు. కోర్టులో దావా వేయకముందే సంస్థ తరఫున ఎంపీడీఓకో మున్సిపల్ కమిషనర్‌కో ఆసుపత్రి సూపరింటెండెంట్‌కో నోటీసు వెళ్తుంది. ఫలానా తేదీన రికార్డుతో రండి అని. న్యాయాధికారి సంతకంతో వచ్చిన కాగితాన్ని ఆఫీసులో ఫైలు కింద పడేయడం కష్టం. అర్జీదారుడు ఆర్నెల్లు తిరిగినా దొరకని జవాబు దీనికి దొరకడానికి అదే కారణం. కానీ దీని బలం అంతవరకే. ఇది రాజీ వేదిక. అధికారి వచ్చి 'నిబంధనలు ఒప్పుకోవు' అని గట్టిగా చెబితే అక్కడ ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేరు. అప్పుడైనా ఆయన చెప్పిన కారణం రాతలో తీసుకోండి. తర్వాతి మెట్టుకు అదే పునాది.

ఈ సేవ బాగా పనిచేసేది ఎక్కడంటే, తప్పు కంప్యూటర్లో ఉన్నప్పుడు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను అర్హతకు ఆరంచెల తనిఖీ ఉంది. భూమి, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం, పట్టణంలో ఇంటి విస్తీర్ణం లాంటివి చూస్తారు. అద్దె ఇంటి యజమాని మీటరో, ఎప్పుడో విడిపోయిన అన్నదమ్ముల మీటరో మీ ఆధార్‌కు ముడిపడి ఉంటే మీరు అనర్హులైపోతారు. వైకల్యం 90 శాతమున్నా అంతే. దీనికి లాయరు వాదన అక్కర్లేదు. ఆ మీటరు మీది కాదని విద్యుత్ శాఖ నుంచి కాగితం తెచ్చి, ఆధార్ అనుసంధానం తీయించి, సచివాలయంలో మళ్లీ దరఖాస్తు చేయించాలి. అమ్మేసిన కారు ఇంకా మీ పేరునే ఉంటే రవాణా ఆఫీసులో బదిలీ పూర్తి చేయించాలి. ఈ తిరుగుడుకు పారా లీగల్ వాలంటీరే సరైన మనిషి. పేదరిక నిర్మూలన పథకాలు జనానికి అందేలా దగ్గరుండి చూడమని జాతీయ సంస్థ 2015లో ఒక పథకమే పెట్టింది. అర్జీలో 2015 నాటి ఆ పథకాన్ని ప్రస్తావించండి, 'ఇది మా పని కాదు' అన్న మాట రాదు.

ఆగిన పింఛను సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. మొత్తం పెద్దదయ్యాక తనిఖీలూ పెరిగాయి. 2025లో మళ్లీ వైద్య పరీక్షలు చేసి, 40 శాతం కన్నా తక్కువ తేలినవాళ్లకు ఆగస్టులో నోటీసులు ఇచ్చారు. ఎంపీడీఓకు గానీ మున్సిపల్ కమిషనర్‌కు గానీ అప్పీలు చేసుకోమన్నారు. ఇలాంటి నోటీసు ఎప్పుడు వచ్చినా లాయరు కోసం వెతుకుతూ గడువు పోగొట్టుకోవద్దు. ముందు అప్పీలు పడేయండి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి, లాయరు తర్వాత. అసలు నోటీసే లేకుండా ఆపితే మాత్రం కేసు బలమైనది. వచ్చే లబ్ధిని ఆపేముందు కారణం చెప్పి, మనిషి మాట వినాలన్నది సహజ న్యాయం. దాన్ని పాటించలేదని హైకోర్టులో రిట్ (అధికారి తప్పును సరిచేయమని అడిగే పిటిషన్) వేయచ్చు. జిల్లా సంస్థకు ఇచ్చిన అర్జీనే హైకోర్టు న్యాయ సేవా కమిటీకి పంపించమని అడగండి. అమరావతికో హైదరాబాదుకో మీరు ఊరికే తిరగక్కర్లేదు, వకాలత్, అఫిడవిట్ల మీద సంతకాలు కావాలి అంతే.

రిట్ ఓడిపోయే కారణం చాలాసార్లు చట్టం కాదు, మీ చేతిలో కాగితం లేకపోవడం. 'మీరు అధికారికి అర్జీ ఇచ్చారా?' అన్నది అక్కడ వచ్చే మొదటి ప్రశ్న. సోమవారం గ్రీవెన్స్‌లో గానీ తెలంగాణలో ప్రజావాణిలో గానీ ఇచ్చిన అర్జీ రసీదు, లేదా స్పీడ్ పోస్టు రసీదు ఉండాలి. సెల్‌ఫోన్‌లో 'పరిష్కరించబడింది' అని వచ్చిన మెసేజ్‌ను కూడా తీసేయకుండా ఫోటో తీసి పెట్టుకోండి. పరిష్కరించకుండానే మూసేశారని చూపడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. కారణం ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ ఫీజుల నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్లకార్డు ఉంటే అదీ లేదు.

ఇక అందరూ అడిగే శాతం గొడవ. దీన్ని కొంచెం దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే లాయర్లలోనూ ఎక్కువమందికి ఈ లెక్క తెలియదు. రెండు అవయవాల్లో లోపం ఉంటే శాతాలను కూడరు. పెద్దదాన్ని అ, చిన్నదాన్ని ఆ అనుకుంటే సూత్రం ఇది: అ + ఆ × (90 − అ) ÷ 90. కాలు 35, చెయ్యి 20 అనుకోండి. 90లోంచి 35 తీస్తే 55. 20ని 55తో గుణించి 90తో భాగిస్తే 12కు కాస్త ఎక్కువ. 35తో కలిపితే 47. కూడితే వచ్చే 55 రాదు, కానీ 40 దాటింది, పింఛనుకు చాలు. క్యాంపులో హడావిడిగా కాలు ఒక్కటే చూసి 35 వేసి పంపితే చెయ్యి ఎక్కడికి పోయింది? ఇది వాదించదగ్గ తప్పు. ధ్రువపత్రంలో ఏ అవయవాలు రాశారో చూసి, వదిలేసినదాని రిపోర్టు జతచేసి, వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 59 కింద అప్పీలు చేయాలి. కొలత ఎలా తీయాలో చెప్పే కేంద్ర మార్గదర్శకాలు 2024 మార్చిలో సవరించారు. అప్పీలులో వాటినే ఉదహరించమని లాయరుకు చెప్పండి, 2018 నాటివి కాదు.

వాదించలేనివీ ఉన్నాయి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగా కనిపిస్తుంటే ఆ మార్గదర్శకాల పట్టికలో 30 శాతమే. ఎంత బాధ ఉన్నా ఏ వకీలూ దాన్ని 40 చేయలేడు. 'చేయిస్తా' అన్నవాడు వకీలు కాదు, పైరవీకారుడు. వినికిడికి తెలంగాణ పింఛను మార్గదర్శకాలు ఆసరా పింఛను పథకం కాలం నుంచీ 51 శాతం అడుగుతున్నాయి. చట్టంలో ప్రామాణిక వైకల్యం, అంటే లెక్కలోకి తీసుకునే కనీస స్థాయి, 40 శాతం. చేతిలో 45 శాతం కాగితం ఉండి 4,016 రూపాయల పింఛను రాకపోతే అది డాక్టరు తప్పు కాదు, నిబంధన మీద గొడవ. జిల్లా స్థాయిలో తేలదు, హైకోర్టులోనే చోటు.

ఆలస్యం విషయంలో చట్టం మీకు కొంత తోడుంది. దరఖాస్తు ఇప్పుడు యూడీఐడీ పోర్టల్‌లోనే. 2024 అక్టోబరు సవరణతో ధ్రువపత్రం ఇవ్వడానికి గడువు ఒక నెల నుంచి 3 నెలలైంది. పెంచారనే కోపం ఉన్నా, ఆ 3 నెలలు దాటిన మర్నాడే నోటీసు పంపడానికి ఆధారం దొరికినట్టే. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. 'రాలేదమ్మా, పో' అని నోటితో చెప్పడం నిరాకరణ కింద చెల్లదు.

లోపాలు చెప్పకపోతే సమీక్ష అనిపించుకోదు. ప్యానెల్ లాయర్లలో 2016 చట్టం మీద పట్టు ఉన్నవాళ్లు తక్కువ. ఎక్కువమంది భూమి దావాలు, మనోవర్తి కేసులు చూసేవాళ్లే. సంస్థ ఇచ్చే ఫీజు కూడా కొద్దిది కాబట్టి మీ కేసు వాళ్ల డైరీలో పై వరసలో ఉండదు. సెక్షన్ నంబర్లు మీరే రాసుకెళ్లండి, నామోషీ ఏం లేదు. రెండు వాయిదాలకు రాకపోతే లాయర్ని మార్చమని కార్యదర్శికి అర్జీ పెట్టచ్చు. చాలా పాత కోర్టు భవనాల్లో మెట్లే దిక్కు, ర్యాంపు ఉండదు. వికలాంగుల కోసమున్న సేవ మేడ మీద పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, వెళ్లేముందు 15100కు చేసి వాలంటీర్ని ఇంటికి పంపమని అడగడం మేలు.

సలహా వరకే చాలనుకుంటే టెలీ లా (ఫోన్‌లో న్యాయ సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ), నంబరు 14454. కామన్ సర్వీస్ సెంటర్ నుంచి కూడా మాట్లాడిస్తారు, ఉచితం. అడగాల్సిన ప్రశ్న సూటిగా ఉంటే పనికొస్తుంది, కాగితాలు చూడాల్సిన కేసుకు చాలదు. దీనికన్నా తక్కువమందికి తెలిసిన, ఎక్కువ పనికొచ్చే తలుపు రాష్ట్ర వికలాంగుల కమిషనర్ కార్యాలయం. లాయరు అక్కర్లేదు, రుసుము లేదు. విచారణలో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు కొన్ని ఉంటాయి, ఆయన సిఫారసు మీద ఏం చేశారో శాఖ 3 నెలల్లో చెప్పాలి. సిఫారసు అంటే ఉత్తర్వు కాదు, నిజమే. కానీ దాన్ని పక్కన పెట్టిన శాఖ తర్వాత హైకోర్టులో సంజాయిషీ చెప్పుకోవాలి.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు 18 నిండితే తల్లిదండ్రుల సంతకం బ్యాంకులో చెల్లకపోవచ్చు. అక్కడ కావాల్సింది పింఛను లాయరు కాదు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే స్థానిక కమిటీ ఇచ్చే సంరక్షక పత్రం. ఆ దరఖాస్తు నింపడానికి న్యాయ సేవాధికార సంస్థ సాయం తీసుకోవచ్చు.

క్యాంపు గేటు దగ్గర, జిరాక్స్ షాపు పక్కన 'శాతం వేయిస్తాం' అనేవాళ్ల గురించి ఒక్క మాట. వైకల్య లబ్ధిని మోసంతో పొందితే 2016 చట్టం, సెక్షన్ 91 కింద 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కేసులో మొదట నిలబడేది కాగితం మీద పేరున్నవాడు, డబ్బు తీసుకున్నవాడు కాదు. అప్పటికే డబ్బు ఇచ్చి ఇరుక్కున్నవాళ్లు మళ్లీ పరీక్ష నోటీసు వచ్చేదాకా ఆగకుండా న్యాయ సేవాధికార సంస్థ లాయరు దగ్గరే విషయం విప్పి చెప్పడం మంచిది. లాయరుకు చెప్పిన మాట బయటికి పోదు.