ఆరేళ్లుగా మా గోడ మీద ఉన్న లినోకట్

విశాఖ లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఉంటాం, కిటికీ చువ్వలకి ఏటా రంగు వేయించినా తుప్పు ఆగదు, అలాంటి ఇంట్లోకి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మని నాలుగున్నర వేలు పెట్టి తెచ్చావా అని అప్పట్లో మా ఆయన నవ్వారు. ఆరేళ్లయింది. బొమ్మ బాగానే ఉంది, నన్ను ఏడిపించింది ఫ్రేము.

లినోకట్ అంటే లినోలియం పలకని చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అద్దే బొమ్మ. అప్పటిదాకా నాకు తెలిసింది దండి యాత్ర సమయంలో, 1930లో, నందలాల్ బోస్ చేసిన కర్ర పట్టుకున్న గాంధీగారి బొమ్మే, నలుపూ తెలుపూ. నేను కొన్నదాన్ని చూసి మొదట పెయింటింగ్ అనుకున్నాను. ఫిషింగ్ హార్బరు పడవలు, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, మొత్తం ఆరు రంగులు, అన్నీ ఒకే లినో పలకతో వేసినవి. ముందు లేత పసుపు అన్ని కాపీలకీ అద్దుతారు, పసుపుగానే మిగలాల్సిన చోట్లు చెక్కేసి అదే పలకతో దాని మీద నారింజ, మళ్లీ చెక్కి ఇంకో రంగు, అలా చివరి ముదురు నీలం వచ్చేసరికి పలకలో మిగిలేది కాస్తే. ఇక కావాలన్నా ఇంకో కాపీ రాదు. నా దాని కింద పెన్సిల్‌తో 7/18 అని ఉంది, అంటే పద్దెనిమిది కాపీల్లో ఏడోది. నూనె ఇంకు కదా, మన విశాఖ తేమలో ఒక్కో రంగు ఆరడానికే రోజులు పడుతుంది, కాబట్టి ధర గురించి నాకు పేచీ లేదు. (కంప్యూటర్ ప్రింటు తీసి లిమిటెడ్ ఎడిషన్ అని అమ్మేవాటితో దీన్ని పోల్చకండి.)

మూడో పడవ ఎరుపు మాత్రం నూలుపోగంత గీత దాటింది. మా అత్తయ్య చూసీ చూడగానే "ఏటమ్మా, పడవకి రంగు సరిగ్గా అంటలేదా?" అన్నారు. మార్చి ఇమ్మని అడుగుదామనుకున్నాను, అడగలేదు. పొద్దున పక్కనుంచి వెలుగు పడ్డప్పుడు ఆ ఎరుపు అంచు కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా తెలుస్తుంది, ఆకాశంలో ఉలి వదిలేసిన సన్నటి గీతలు కూడా, నాకిప్పుడు అదే ఇష్టం.

ఇక ఫ్రేము. కట్టిన షాపతను గాజుని నేరుగా బొమ్మకి ఆనించేసి, వెనక హార్డ్‌బోర్డుకి గమ్‌తో అంటించేశాడు. రెండో వానాకాలానికి మూలన గోధుమ మచ్చలు, లోపల చెమ్మ. విప్పించేటప్పుడు చింతగింజంత నీలం గాజుకే ఉండిపోయింది. ఆ రోజు అన్నం సహించలేదు. తర్వాత వేరేచోట మౌంటు, అంటే బొమ్మ చుట్టూ అట్ట అంచు, పెట్టించి గాజుకీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉంచమన్నాను, పైన రెండు చోట్ల మాత్రమే మైదా జిగురుతో పల్చని కాగితం ముక్కలు అతికించి వేలాడదీశారు. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు ముక్కలు పెట్టించాను, గోడ చెమ్మ తగలకుండా. పద్దెనిమిది వందలు అయింది. అప్పట్నుంచి కొత్త మచ్చ ఒక్కటీ రాలేదు.

పడవ జెండాలోని గులాబి కొద్దిగా వెలిసింది, అది నా తప్పే, మూడేళ్లు పడమటి కిటికీ ఎదురుగా పెట్టాను. ఇప్పుడు లోపలి గోడకి మార్చాం. అక్కడా ఒక గొడవుంది, రాత్రి ట్యూబులైటు వేస్తే గాజులో ఆ లైటే కనిపిస్తుంది, పడవలు కనిపించవు.