సండర్‌ల్యాండ్: పులిహోరకి యాభై పౌండ్లు, ముద్దపప్పుకి రెండు

ముందు కోపం సంగతి చెప్పేస్తే మిగతాది ప్రశాంతంగా రాయగలను. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సండర్‌ల్యాండ్ అనే ఊళ్ళో, సముద్రం పక్కనే ఉన్న ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో పులిహోర తిన్నందుకు మాకు యాభై పౌండ్లు పడ్డాయి. వండినందుకు కాదు, తిన్నందుకు. రెడింగ్‌లో మా ఇంట్లో కలుపుకుని స్టీలు డబ్బాలో తీసుకెళ్ళిన చల్లటి పులిహోర అది. గది ఖాళీ చేసిన మర్నాడు కార్డులోంచి డబ్బు పోయింది. ఎందుకని అడిగితే "ఘాటైన వంట వాసన, ప్రత్యేక క్లీనింగ్" అని ఒక్క లైను ఈమెయిల్ వచ్చింది. ఇంగువ వాసన అయ్యుండొచ్చు. మా అత్తయ్యగారు మాత్రం ఆ రోజంతా "ప్రసాదానికి ఫైనా? మన డబ్బుల్లో ఐదు వేలపైనే!" అని లెక్కలు కడుతూనే ఉన్నారు.

అసలు ఆ ఊరెందుకు వెళ్ళామంటే, మా చింటూ వల్ల. వాడికి తొమ్మిదేళ్లు, ఫుట్‌బాల్ పిచ్చి. స్కూల్లో ఎవరో చూపించిన వీడియోలో, సండర్‌ల్యాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీ వేసుకున్న చిన్నపిల్లాడు ఆటగాడి మెడ చుట్టూ చేతులు వేసి వదలడు. ఆ ఆటగాడు జెర్మైన్ డెఫో, పిల్లాడు బ్రాడ్లీ లోవరీ. "వాళ్లు గ్రౌండ్‌లోకి నడిచిన టన్నెల్ చూడాలి నాన్నా" అని నెల రోజులు ప్రాణం తీశాడు. ఫిబ్రవరి సెలవులకి తల్లీ కొడుకులతో పాటు, కొత్తగూడెం నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అత్తయ్యగారిని కూడా బయల్దేరదీశాను.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, రైళ్లు టైముకే వచ్చాయి. రెడింగ్ నుంచి లండన్, అక్కడి నుంచి న్యూకాసిల్, ఆపైన మెట్రో. రానూపోనూ రైళ్లకి నలుగురికీ కలిపి 231 పౌండ్ల 60 పెన్నీలు. పిల్లలున్నవాళ్లు టికెట్ల మీద తగ్గింపిచ్చే ఫ్యామిలీ రైల్‌కార్డు తీసుకోకుండా ఇంత దూరం వెళ్లొద్దు. నేను దానికి పెట్టిన 35 పౌండ్లు ఒక్క ట్రిప్పుకే తిరిగొచ్చేశాయి. చింటూకి మెట్రోలో టికెట్టే అక్కర్లేకపోయింది.

ఇక గెస్ట్‌హౌస్. ఫొటోలో కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. మాకిచ్చిన గది కిటికీలోంచి నాలుగు చెత్త డబ్బాలు, ఒక విరిగిన కుర్చీ కనిపించాయి. రాత్రికి 118 పౌండ్లు, పిల్లాడి మడత మంచానికి ఇంకో 15. ఆ మంచం మధ్యలో ఎంత దిగిపోయిందంటే చింటూ దాంట్లో పడుకుంటే దుప్పటి అంచులే కనిపించాయి. హీటర్ సాయంత్రం ఐదుకి వేసి తొమ్మిదికి కట్టేస్తారు. ఫిబ్రవరిలో, సముద్రపు గాలిలో! రాత్రి పదిన్నరకి కిందికెళ్ళి అడిగాను. ఓనరు నవ్వుతూనే "అదనపు దుప్పట్లు అలమరలో ఉన్నాయి" అన్నాడు. అలమర తీస్తే ఒకటే ఉంది, అది అత్తయ్యగారికిచ్చాం. మా ఆవిడ కోటు వేసుకునే పడుకుంది, పొద్దున దాకా నాతో మాట్లాడలేదు. గది బుక్ చేసింది నేనే కదా.

మర్నాడు స్టేడియం ఆఫ్ లైట్, అంటే సండర్‌ల్యాండ్ క్లబ్బు సొంత గ్రౌండ్. న్యూకాసిల్ వైపు నుంచి వచ్చేవాళ్లు అదే పేరున్న మెట్రో స్టేషన్లో దిగి నడిచిపోవచ్చు. మ్యాచ్ టికెట్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2025 మేలో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో గెలిచి ఈ జట్టు మళ్లీ అక్కడి పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కి వచ్చాక, బయటివాళ్లకి సీటు దొరకడం గగనమే. స్టేడియం టూర్ చాలు. మా నలుగురికీ 47 పౌండ్లు అయింది, ఈ ట్రిప్పులో మనసుకి నొప్పి లేకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

గేటు దగ్గర అత్తయ్యగారు ఆగిపోయారు. అక్కడ పెద్ద దీపం శిల్పం ఉంటుంది, గని కార్మికులు వాడే డేవీ ల్యాంప్. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఇది మీ మామయ్యగారి సేఫ్టీ ల్యాంపు బాబూ" అన్నారు. మామయ్యగారు సింగరేణిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరయ్యారు. గనిలో గ్యాసు ఉందో లేదో ఆ దీపం మంట చూసే చెప్పేవారట. ఈ స్టేడియం కట్టింది కూడా బొగ్గుగని మీదే. 1993లో గని మూసేశారు, 1997లో అదే నేల మీద స్టేడియం తెరిచారు. పొద్దుటి నుంచి మూతి ముడుచుకునున్న అత్తయ్యగారు ఆ క్షణం నుంచి ఆ ఊరి పక్షమే.

మా గైడ్ డెబ్బై దాటిన పెద్దాయన, మెడలో ఎర్ర తెలుపు మఫ్లర్. డ్రెస్సింగ్ రూమ్, ప్రెస్ రూమ్ గబగబా చూపించాడు. టన్నెల్ దగ్గరికి రాగానే చింటూ బ్రాడ్లీ గురించి అడిగాడు. ఆయన వెంటనే మాట్లాడలేదు. మఫ్లర్ కొస వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత మిగతా గుంపుని ఆపి మరీ చెప్పాడు.

ఆయన చెప్పిందీ, నాకు ముందే తెలిసిందీ కలిపి రాస్తున్నాను. బ్రాడ్లీకి ఏడాదిన్నర వయసులోనే న్యూరోబ్లాస్టోమా బయటపడింది. చిన్నపిల్లలకి వచ్చే క్యాన్సర్ అది. వైద్యం కోసం చందాలు ఏడు లక్షల పౌండ్లకి చేరాయి. 2016 సెప్టెంబరులో ఎవర్టన్‌తో మ్యాచ్‌కి పిల్లాడు ఇక్కడ మస్కట్. అంటే మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ల చేయి పట్టుకుని గ్రౌండ్‌లోకి నడిచే పిల్లాడన్నమాట. ఆ రోజు సండర్‌ల్యాండ్ 3-0తో ఓడింది. గెలిచిన ఎవర్టన్ క్లబ్బు ఆ చందాకి రెండు లక్షల పౌండ్లిచ్చింది. డెఫోకీ బ్రాడ్లీకీ స్నేహం కుదిరింది కూడా ఇలా మస్కట్‌గా వచ్చినప్పుడే.

అదే ఏడాది డిసెంబరు 14న చెల్సీ జట్టు ఇక్కడ ఆడటానికి వచ్చింది. మ్యాచ్ మొదలవకముందు వార్మప్‌లో బ్రాడ్లీ పెనాల్టీ కొట్టాడు. గోల్‌లో ఉన్నది చెల్సీ కీపర్ బెగోవిచ్. బంతి మెల్లగా దొర్లుకుంటూ లోపలికెళ్ళింది, స్టేడియం ఊగిపోయింది. బీబీసీ వాళ్లు ఆ నెల ఉత్తమ గోల్ బహుమతిని బ్రాడ్లీకీ, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మ్ఖితార్యాన్‌కీ కలిపి ఇచ్చారు. మ్ఖితార్యాన్ గాల్లోకి ఎగిరి మడమతో కొట్టిన ఆ గోల్ సండర్‌ల్యాండ్ మీదే. "మా మీద కొట్టినా సరే, సగం బహుమతి మా వాడిదే" అని గైడ్ నవ్వాడు.

డెఫో అప్పుడు ముప్పై నాలుగేళ్లవాడు, జట్టుకి గోల్స్ కొట్టేది దాదాపు ఆయనొక్కడే. ఆ సీజన్లో లీగ్‌లో 15 గోల్స్ కొట్టినా, టీమ్ 24 పాయింట్లతో అట్టడుగున మిగిలి కింది డివిజన్‌కి పడిపోయింది. ప్రతి వారం ఓటమే. స్టార్లు పిల్లలతో ఫొటో దిగడం కొత్త కాదు. మన దగ్గరా చూస్తాం, కెమెరా ఆగగానే చెయ్యి జారిపోతుంది. డెఫో చెయ్యి జారనివ్వలేదు. ఆస్పత్రికి వెళ్ళాడు. మంచం మీద పక్కన పడుకుంటే, పిల్లాడు ఆయన్ని పట్టుకుని నిద్రపోయిన ఫొటో నేనూ చూశాను. 2017 మార్చి 26న వెంబ్లీలో లిథువేనియాతో ఇంగ్లండ్ మ్యాచ్. చాలాకాలం తర్వాత దేశం జట్టులోకి పిలుపొచ్చిన డెఫో, బ్రాడ్లీని వెంటబెట్టుకుని గ్రౌండ్‌లోకి నడిచాడు. ఇంగ్లండ్ 2-0తో గెలిచింది, మొదటి గోల్ ఆయనదే.

ఆ వేసవిలో డెఫో బోర్న్‌మత్ క్లబ్బుకి మారిపోయాడు. మారినా దూరం కాలేదు. కొత్త క్లబ్బు ప్రెస్ మీట్‌లో బ్రాడ్లీ గురించి అడిగితే మాట రాక ఏడ్చేశాడు. ఆ మర్నాడే, జులై 7న, బ్రాడ్లీ పోయాడు. ఆరేళ్లు. అంత్యక్రియలకి జనం ఫుట్‌బాల్ జెర్సీలు వేసుకొచ్చారు, డెఫో కూడా వచ్చాడు. ఆ అబ్బాయి పేరు మీద పెట్టిన ఫౌండేషన్ ఇప్పటికీ జబ్బుపడ్డ పిల్లల కుటుంబాలకి సాయం చేస్తోంది.

గైడ్ చెప్పడం ఆపాక చింటూ టన్నెల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడికి పిల్లాడు చనిపోయాడని తెలియదు. వీడియోలో ఆ ముక్క లేదు. నాకు తెలిసీ ముందే చెప్పలేదు, అది నా తప్పే. కాసేపాగి "బ్రాడ్లీ డెఫో చేయి ఏ వైపు పట్టుకున్నాడు?" అని అడిగాడు. గైడ్‌కి ఆ సంగతి గుర్తులేదు. ఉత్తిమాట చెప్పకుండా "గుర్తులేదు బాబూ" అని ఒప్పుకుని, గడ్డి అంచు దాకా తీసుకెళ్ళి ఒక గోల్ పోస్టు చూపించాడు. గడ్డి మీద కాలు పెట్టనివ్వరు. చింటూ షూ కొనలు సరిగ్గా తెల్ల గీతకి ఆనించి నిలబడ్డాడు.

బ్రాడ్లీ వాళ్ల ఊరు బ్లాక్‌హాల్, సండర్‌ల్యాండ్‌కి దక్షిణంగా తీరం వెంబడి ఉంటుంది. బస్సు టికెట్టు మూడు పౌండ్లు దాటదు కదా, మధ్యాహ్నం వెళ్ళొద్దామా అన్నాను. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "బిడ్డ పోయిన ఊరికి చూడ్డానికని ఏం వెళ్తాం బాబూ? తల్లి ఎదురుపడితే ఏమంటాం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వెళ్ళలేదు.

బదులుగా రోకర్ బీచ్‌కి వెళ్ళాం. సముద్రంలోకి కట్టిన పియర్ గట్టు చివర ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్ బాగుంటుంది, గాలి మాత్రం చెవులు కోసేస్తుంది. ఫిష్ అండ్ చిప్స్ 12 పౌండ్ల 95, మేం ముగ్గురం రెండు ప్లేట్లు తీసుకుంటే ఎక్కువైంది. శాకాహారి అయిన అత్తయ్యగారికి చిప్స్ తప్ప ఏమీ లేదు. ఉసూరుమంటూ పక్కనున్న చిన్న కిరాణా కొట్టులోకి దూరాం. అక్కడ కనిపించింది, ప్లాస్టిక్ డబ్బాలో పచ్చగా, ముద్దగా. పేరు పీజ్ పుడ్డింగ్. పుడ్డింగ్ అంటే స్వీటేమో అనుకుని పెట్టేయబోయాను. కొట్టావిడ ఆపింది. పసుపుపచ్చ బఠాణీ పప్పు ఉడకబెట్టి మెదిపింది, ఇక్కడివాళ్లు మాంసంతో తింటారు, కొందరు మాంసం ఎముకతోనే ఉడికిస్తారు, ఈ డబ్బాలో మాత్రం లేదు అని, కళ్లజోడు పైకి తోసుకుని లేబుల్ మొత్తం చదివి వినిపించింది. రెండు పౌండ్లు. స్టాటీ అనే గుండ్రటి మందపాటి రొట్టె ఇంకో పౌండు ఇరవై.

బీచ్ గోడ మీద కూర్చుని, అత్తయ్యగారు సంచీలోంచి ఆవకాయ సీసా తీశారు. రొట్టె చించి, ముద్ద రాసి, పైన ఆవకాయ పెట్టి మొదటి ముక్క చింటూకిచ్చి రెండోది తాను తిన్నారు. "ముద్దపప్పేరా ఇది! తిరగమోత వేయడం మర్చిపోయారంతే" అన్నారు. ఊరు దాటాక ఆవిడ కడుపునిండా తిన్నది అదే మొదటిసారి. మా ఆవిడ కూడా నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. మూడు పౌండ్ల ఇరవైకి అత్తయ్యగారి భోజనం అయిపోయింది. ఆ తీరానికి వెళ్ళే శాకాహారులు ఇంకేం వెతుక్కోనక్కర్లేదు, లేబుల్ మాత్రం చదివి కొనండి.

మూడో రోజు తిరుగు ప్రయాణం. ఆ గెస్ట్‌హౌస్‌తో నా గొడవ ఇంకా తెమల్లేదు. మూడు ఈమెయిళ్లు పెట్టాను, బ్యాంకులో కంప్లయింట్ కూడా వేశాను. మీరు ఎక్కడ బుక్ చేసుకున్నా, బయటి తిండి గదిలో తినొచ్చా లేదా అని ముందే రాతలో అడగండి. హీటర్ ఎప్పుడు కట్టేస్తారో కూడా.

స్టేషన్‌కి వెళ్ళే దారిలో అత్తయ్యగారు మళ్లీ అదే కొట్టు దగ్గర ఆగి రెండు డబ్బాలు కొనిపించారు. యార్క్ దాటేలోపే ఒకటి ఖాళీ. రెండోదానికి రెడింగ్‌లో ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువతో తిరగమోత పెట్టారు. వాసన వీధి చివరిదాకా వెళ్ళింది.