సెజాన్ ఊరికి వెళ్తే ఎక్కువ సమయం ఎక్కడ గడపాలి?

ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ ఊరు ఎక్స్-ఆన్-ప్రావెన్స్. పారిస్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో వెళ్తే, దిగే స్టేషన్ ఊరికి చాలా దూరం. మళ్లీ బస్సెక్కాలి. స్టేషన్ వైపు గదులు చవగ్గా దొరికినా పాతబస్తీలో ఉండడమే నయం. మా బసలో లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, అమ్మ మోకాళ్లకి కష్టమే అయింది. కానీ వీధి చివరే రిషెల్మ్ చౌకు, అక్కడ రోజూ పొద్దున్నే కూరగాయలు, పళ్ల సంత. శాకాహారులకి తిండి టెన్షన్ లేదు.

పాల్ సెజాన్ 1839లో పుట్టిందీ, 1906లో పోయిందీ ఈ ఊళ్లోనే. పికాసో, మటిస్ లాంటివాళ్లకి దారి చూపిన మనిషి. ముందుగా లోవ్ కొండమీద ఆయన బొమ్మలు వేసిన స్టూడియోకి వెళ్లండి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. పనిచేసిన గది మేడ మీద. ఉత్తరం వైపు పెద్ద అద్దాల కిటికీ ఉండడంతో ఎండ నేరుగా పడదు. బొమ్మల్లో మనం చూసిన అల్లం జాడీ, ప్లాస్టర్ మన్మథుడు, పుర్రెలు అక్కడే ఉన్నాయి. నన్ను కదలనివ్వనిది మాత్రం గోడలో నిలువుగా ఉన్న సన్నటి సందు. స్నానం చేసే స్త్రీల పెద్ద కాన్వాసులు మెట్లమీంచి దిగవని, వాటికోసమే దాన్ని పెట్టించాడు. అప్పటికి అరవై దాటాయి ఆయనకి!

ఊళ్లోని గ్రానే మ్యూజియానికి గంట చాలు. సెజాన్ బతికుండగా అక్కడి అధికారి ఆయన బొమ్మ ఒక్కదాన్నీ లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు కొన్ని ఉన్నాయి గానీ, గొప్పవన్నీ ఎప్పుడో ఊరు దాటిపోయాయి.

మిగిలిన పూటంతా స్టూడియోకి పైన, చిత్రకారుల మైదానం అని పిలిచే చోట గడపండి. కాస్త ఎత్తు ఎక్కాలి, టికెట్ లేదు. ఎదురుగా సాంత్ విక్తువార్ కొండ. చివరి ఏళ్లలో ఇక్కడినుంచే దాన్ని మళ్లీ మళ్లీ వేశాడు. మబ్బు కదిలితే చాలు, బూడిదరంగు రాయి నీలమై, కాసేపటికి గులాబీ అవుతుంది. రంగు పక్కన రంగు పేర్చి కొండకి బరువు ఎలా తెచ్చాడో నాకు ఇక్కడే అర్థమైంది. 1906 అక్టోబరులో ఆరుబయట బొమ్మ వేస్తూ వానలో తడిసి పడిపోతే, బట్టలుతికేవాళ్ల బండిలో ఇల్లు చేర్చారు. మర్నాడే మళ్లీ తన తోటమాలి బొమ్మ వేసే పనిలో పడ్డాడు. వారానికల్లా పోయాడు.

ఆయన బొమ్మల్లో వేసిన బిబెమూస్ రాతి క్వారీలు కూడా చూడాలంటే గైడ్‌తోనే వెళ్లాలి, ముందే బుక్ చేసుకోండి. వేసవిలో కార్చిచ్చు భయంతో కొండదారులు మూసేస్తుంటారు. మే గానీ, సెప్టెంబరు చివర గానీ మేలు.