జపాన్ స్టేషన్ మాల్‌లో ఏం కొనాలి, ఏం వదిలేయాలి: విశాఖ వాళ్లకి

టోక్యోలోని షింజుకు స్టేషన్‌ని ఆనుకుని ఉన్న ల్యుమినే మాల్‌లో బట్టలు కొనేముందు లోపలి కుట్టు తిప్పి చూడండి, అంత శుభ్రమైన పనితనం ముచ్చటేస్తుంది. చిక్కల్లా సైజులతోనే. ఇక్కడ ఎం సరిపోయేవాళ్లకి అక్కడి ఎల్ కూడా భుజాల దగ్గర పట్టేయొచ్చు. ట్రయల్ రూమ్‌లోకి చెప్పులు విప్పి వెళ్లాలి. మేకప్ బట్టకి అంటకుండా ముఖానికి పల్చటి ముసుగిస్తారు. చెప్పుల సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, పాదం కొలుచుకుని వెళ్లండి.

ఇంటి సామాన్లలో రైస్ కుక్కర్ జోలికి పోవద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్ పెడితే కాయిల్ మీద ఐదింతల భారం పడి మాడిపోతుంది. కార్బన్ స్టీల్ కత్తి ఉల్లిపాయని వెన్నలా కోస్తుంది గానీ, మన బీచ్ రోడ్డు ఉప్పుగాలికి తడి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పే. స్టెయిన్‌లెస్‌దే తీసుకుని, చెక్-ఇన్ పెట్టెలో సర్దండి.