పెప్పర్ దెయ్యమా, స్ఫింక్స్ బల్లా?

రెండూ విక్టోరియా కాలపు లండన్ రంగస్థల కనికట్టులే: మొదటిదానిలో వేదిక మీద పారదర్శకమైన దెయ్యం కనిపిస్తుంది, రెండోదానిలో బల్ల మీద ఒట్టి తల మాట్లాడుతుంది. దెయ్యం 1862లో రాయల్ పాలిటెక్నిక్‌లో కనిపించింది: ఊహ హెన్రీ డర్క్స్‌ది, పేరు మాత్రం జాన్ హెన్రీ పెప్పర్‌కు దక్కింది. స్ఫింక్స్ థామస్ టోబిన్ సృష్టి. 1865లో ఈజిప్షియన్ హాల్లో మాంత్రికుడు స్టోడేర్ ప్రదర్శించాడు.

ఖర్చు: దెయ్యానికి వేదికంత గాజు పలక, దెయ్యం వేషధారి దాగడానికి ముందు గొయ్యి, అతని ప్రతిబింబం గాజులో కనిపించేలా బలమైన దీపం. స్ఫింక్స్‌కు మూడు కాళ్ల బల్ల, రెండు అద్దాలు, మూడు వైపులా ఒకే రంగు తెరలు.

శ్రమ: గాజు వెనకున్న నటుడికి దెయ్యం కనిపించదు. నేల మీద గుర్తులు పెట్టుకుని కత్తి దూయాలి. పైగా గాజు మాటను మింగేస్తుంది, అందుకే మూకాభినయమే మేలు. స్ఫింక్స్‌లో ముందు కాలి నుంచి వెనక కాళ్లకు 45 డిగ్రీల్లో అద్దాలు బిగిస్తే పక్క తెరలు వెనక తెరలా కనిపిస్తాయి. అద్దాల వెనక దాగి బల్ల రంధ్రంలోంచి తల పెట్టేవాడు మోకాళ్ల మీద కదలకుండా ఉండాలి, అంతే.

ప్రమాదం: దెయ్యానికి హాల్లో వెలుతురే శత్రువు. స్ఫింక్స్‌కు అద్దం మీద వేలిముద్ర. మాంత్రికుడు బల్ల పక్కకు నడిచినా అద్దంలో అతని కాళ్లు కనిపించి గుట్టు రట్టవుతుంది.

చీకటి హాలు, నాటకం ఉంటే దెయ్యం. చిన్న వేదిక, పదినిమిషాల అంశమైతే స్ఫింక్సే.